చదువు బరువై మనసు అలసినప్పుడు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు ఒకప్పుడు ఇంజనీరింగ్ చదవాలంటే చాలావరకు విశాఖపట్నమో, కాకినాడో వెళ్లేవారు. 1997లో విజయనగరం దగ్గర చింతలవలసలో ఎం.వి.జి.ఆర్. కళాశాల, రాజాంలో జి.ఎం.ఆర్. కళాశాల మొదలయ్యాయి. 2001లో టెక్కలిలో ఆదిత్య కళాశాల, 2016లో శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ వచ్చాయి. ఇప్పుడు మన ఇళ్లలోనూ బీటెక్ పట్టా కొత్త సంగతి కాదు. తండ్రి బట్టల దుకాణంలోనో, మెకానిక్ షెడ్డులోనో రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించిన డబ్బుతో కొడుకు, కూతురు కంప్యూటర్ చదువులు పూర్తిచేస్తున్నారు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతోంది. పట్టా చూపిస్తే చాలడం లేదు. ‘ఇంకేం వచ్చు?’ అని అడుగుతున్నారు. అందుకు జవాబుగా సిస్కో వారి సి.సి.ఎన్.ఎ., అమెజాన్ వారి ఎ.డబ్ల్యు.ఎస్., మైక్రోసాఫ్ట్ వారి అజూర్, రెడ్‌హ్యాట్ వారి లినక్స్ వంటి సర్టిఫికెట్లలో ఏదో ఒకటి సంపాదించాలని యువత పట్టుదలతో ఉంది. కొందరు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనులోనో, విజయనగరంలోనో బండెక్కి హైదరాబాద్ అమీర్‌పేటలోని కోచింగ్ కేంద్రాలకు వెళ్తున్నారు. మరికొందరు పగలు చిన్న ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఇంట్లోనే చదువుతున్నారు.

మొదటి నెల ఉత్సాహంగా గడుస్తుంది. రెండో నెలలో రాత్రి పన్నెండు దాటుతుంది. మూడో నెలకు పుస్తకం తెరిచి ఉంటుంది గాని ఒక్క ముక్క తలకెక్కదు. నిన్న చదివినది ఇవాళ గుర్తుండదు. చిన్న మాటకే కోపం వస్తుంది. పరీక్ష తేదీ తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది. ఇంట్లోవారు దీనికి పెట్టే పేరు బద్ధకం. ఆ పేరే తప్పు. పేరు తప్పితే మందు కూడా తప్పుతుంది.

బద్ధకం వేరు, బర్నవుట్ వేరు

శక్తికి మించి, విరామం లేకుండా శ్రమపడిన మనిషి లోలోపల కాలిపోయినట్లు అయిపోవడాన్ని ఇంగ్లీషులో ‘బర్నవుట్’ అంటారు. 1974లో అమెరికాలో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త ఈ మాటతో ఒక వ్యాసం రాశారు. ఆయన గమనించినది సోమరులను కాదు. పేదలకు ఉచితంగా సేవ చేసే క్లినిక్కులలో మనసు పెట్టి పనిచేసేవారిని. అందరికంటే ఎక్కువ శ్రద్ధ ఉన్నవారే ముందుగా నీరసించిపోవడం ఆయన కంటపడింది.

తర్వాత క్రిస్టినా మాస్లాక్ అనే పరిశోధకురాలు దీని లక్షణాలను మూడుగా విడదీశారు. మొదటిది, ఎంత విశ్రాంతి తీసుకున్నా తీరనట్లుండే అలసట. రెండోది, చేస్తున్న పని మీదే విరక్తి, ‘ఇదంతా ఎందుకు?’ అన్న భావం. మూడోది, ‘నా వల్ల కాదు’ అన్న నమ్మకం బలపడడం. 2002లో విల్మార్ షౌఫెలీ, ఆయన సహచరులు స్పెయిన్, పోర్చుగల్, నెదర్లాండ్స్ దేశాల విశ్వవిద్యాలయ విద్యార్థులను పరిశీలించి, ఉద్యోగులకు వాడే ఈ కొలమానాన్నే చదువుకునేవారికి తగినట్లు మార్చి ఉపయోగించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను తన వర్గీకరణలో చేర్చింది. అయితే ఇది వ్యాధి కాదని, ఉద్యోగంలో అదుపు చేయని ఒత్తిడి ఎడతెగక సాగితే ఏర్పడే స్థితి అని నిర్వచించింది.

బద్ధకస్తుడు చదవకుండానే హాయిగా ఉంటాడు. అలసిపోయినవాడు చదవలేక కుమిలిపోతాడు. స్నేహితులతో తిరిగినా, ఫోను చూస్తూ కూర్చున్నా అతనికి సంతోషం ఉండదు. పుస్తకం ముందు నుంచి లేవడానికి భయం, కూర్చుంటే చదవలేని నిస్సహాయత. మీ ఇంట్లో పిల్లవాడు ఈ స్థితిలో ఉంటే మందలింపు అతనికి మరో బరువవుతుంది.

ఎందుకిలా జరుగుతుంది?

బడిలో, కళాశాలలో చదువుకు ఒక హద్దు ఉంటుంది. గంట కొడతారు, సెలవులిస్తారు, పక్కన పదిమంది ఉంటారు. సర్టిఫికేషను చదువుకు ఈ హద్దులేవీ లేవు. పాఠ్యప్రణాళిక పెద్దది, వీడియోలు లెక్కలేనన్ని. ఒకటి పూర్తయ్యేసరికి ఇంకొకటి మంచిదని ఎవరో చెబుతారు. ‘ఇవాళ్టికి చాలు’ అని చెప్పేవారు లేరు.

దీనికి తోడు డబ్బు భారం ఉంది. సి.సి.ఎన్.ఎ. పరీక్ష రుసుము 300 డాలర్లు. మన రూపాయల్లో పాతికవేలు దాటుతుంది. అమీర్‌పేటలో కోచింగ్ ఫీజు, హాస్టలు అద్దె వేరు. ఇంటి నుంచి వచ్చిన ప్రతి రూపాయీ పిల్లవాడి మనసులో అప్పుగా నమోదవుతుంది. పగలు ఖాళీగా ఉంటే తప్పుచేసినట్లు, రాత్రి నిద్రపోతే మోసం చేసినట్లు అనిపిస్తుంది. అందుకే మొదట కోతపడేది నిద్రకే.

ఆ కోత ఎంత నష్టమో 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఆరోగ్యవంతులైన 48 మందితో ఈ పరీక్ష జరిగింది. వరసగా పద్నాలుగు రోజులు రాత్రికి ఆరు గంటలు, అంతకంటే తక్కువ పడుకున్నవారి చురుకుదనం, ఒకటి రెండు రాత్రులు పూర్తిగా మేలుకున్నవారి స్థాయికి పడిపోయింది. అంతకంటే గమనించవలసిన విషయం ఏమిటంటే, తాము అంతగా మందగించామని వారికి పెద్దగా తెలియనే లేదు. రాత్రి రెండింటిదాకా చదివి ‘బాగానే ఉన్నాను’ అనుకునే కుర్రాడి సంగతీ ఇంతే.

ఒక్క పరుగుతో అయిపోయే పని కాదు

‘ఈ నాలుగు నెలలు కష్టపడితే చాలు, జీవితమంతా సుఖం’ అన్న మాట మన ఇళ్లలో తరచుగా వినిపిస్తుంది. ఈ రంగానికి ఆ మాట చెల్లదు. సి.సి.ఎన్.ఎ. సర్టిఫికెట్టుకు గడువు మూడేళ్లు. ఎ.డబ్ల్యు.ఎస్. సర్టిఫికెట్లు చాలావాటికీ మూడేళ్లే. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగ స్థాయి సర్టిఫికెట్టును ఏడాదికోసారి పునరుద్ధరించుకోవాలి. అది ఆన్‌లైనులో ఉచితంగా జరుగుతుంది. 1990లలో యువత ఎగబడి చదివిన మైక్రోసాఫ్ట్ వారి ఎం.సి.ఎస్.ఇ. 2021 జనవరితో రద్దయింది. 1998లో మొదలైన సి.సి.ఎన్.ఎ. కూడా 2020 ఫిబ్రవరిలో పూర్తిగా మారి ఒకే పరీక్షగా వచ్చింది.

అంటే ఈ వృత్తిలో అడుగుపెట్టినవాడు పాతికేళ్లు ఉద్యోగం చేస్తే పాతికేళ్లూ చదువుతూనే ఉండాలి. తనను తాను కాల్చుకుని మొదటి సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాడికి రెండోదాని పేరు చెబితేనే వణుకు పుడుతుంది. కాబట్టి ఇప్పుడు అలవరచుకోవలసినది ఏళ్ల తరబడి నిలిచే నడక. ఆ నడక వచ్చినవాడికి సర్టిఫికెట్టు ఒక నెల ఆలస్యమైనా నష్టం లేదు.

తక్కువ గంటలు, ఎక్కువ ఫలితం

రోజుకు గంటన్నర, వారానికి ఐదు రోజులు చదివినా పదహారు వారాల్లో 120 గంటలవుతాయి. రోజుకు ఆరు గంటలు కూర్చుని నెల తిరక్కుండానే చేతులెత్తేయడం కంటే ఇది మేలు. కాని ఆ గంటన్నరను ఎలా వాడాలన్నది ముఖ్యం.

మొదట, ఏ భాగానికి ఎంత బరువుందో చూసుకోవాలి. సి.సి.ఎన్.ఎ.లో ఆరు భాగాలున్నాయి. నెట్‌వర్కు మూలాలకు 20 శాతం, నెట్‌వర్కు యాక్సెస్‌కు 20, ఐపీ కనెక్టివిటీకి 25, ఐపీ సర్వీసులకు 10, భద్రతకు 15, ఆటోమేషనుకు 10 శాతం కేటాయించారు. పది శాతం భాగంలో చిక్కుకుని మూడు వారాలు పోగొట్టుకుని, పాతిక శాతం భాగాన్ని చివరి వారానికి నెట్టేవారు చాలామంది. ఆ లెక్క గోడకు అంటించుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది.

రెండోది, చదివిందే మళ్లీ మళ్లీ చదవడం మానాలి. 2006లో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు విద్యార్థులను రెండు విధాలుగా చదివించారు. కొందరు పాఠాన్ని రెండోసారి చదివారు. కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. మళ్లీ చదివినవారికి 42 శాతం, గుర్తుతెచ్చుకుని రాసినవారికి 56 శాతం నిలిచింది. సబ్‌నెట్ లెక్క నేర్చుకుంటే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద నాలుగు లెక్కలు చేయాలి. వీడియో మరోసారి చూడడం సుఖంగా ఉంటుంది, కాని పరీక్ష గదిలో అక్కరకు రాదు.

మూడోది, చేతిపని. రూటర్లు, స్విచ్‌లు కొనక్కరలేదు. సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. తల పనిచేయని రోజున చదువు మానేసి, దానిలో ఒక చిన్న నెట్‌వర్కు కట్టి చూడవచ్చు. ‘నా వల్ల కాదు’ అన్న భావానికి, చేత్తో చేసిన ఒక పని పూర్తికావడం కంటే మంచి జవాబు లేదు.

నాలుగోది, ప్రణాళికలో ఖాళీ. మనది తుఫాన్ల తీరం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. తుఫాను రాకపోయినా ఇంట్లో పెళ్లి, జ్వరం, బంధువుల రాక ఉంటాయి. నాలుగు వారాలకు ఒక వారం ఏ పాఠమూ పెట్టుకోకుండా వదిలేస్తే, వెనకబడినది అందులో సర్దుకుంటుంది. ఖాళీ లేని ప్రణాళిక మొదటి అడ్డంకికే కూలిపోతుంది, దానితో పాటు మనసు కూడా.

దేహానికీ హక్కుంది

విశ్రాంతి తీసుకోవడాన్ని తప్పుగా భావించే సోదరులు హజ్రత్ సల్మాన్, హజ్రత్ అబూ దర్దాల సంగతి గుర్తుతెచ్చుకోవాలి. దైవప్రవక్త (స) ఈ ఇద్దరినీ సోదరులుగా కలిపారు. అబూ దర్దా పగలంతా ఉపవాసం, రాత్రంతా ఆరాధన అన్నట్లు గడుపుతూ ఇంటివారిని కూడా పట్టించుకోవడం లేదని సల్మాన్ గమనించారు. ఆయనచేత భోజనం చేయించారు, రాత్రి పడుకోమన్నారు, తెల్లవారుజాము దగ్గరపడ్డాక ఇద్దరూ కలిసి లేచి నమాజు చేశారు. ప్రభువుకు, దేహానికి, కుటుంబానికి ఎవరి హక్కు వారికి ఇవ్వాలని నచ్చజెప్పారు. ఈ విషయం తెలిసినప్పుడు దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పింది నిజమేనన్నారు. ఆరాధనలోనే ఇంత మితం బోధించినప్పుడు కంప్యూటర్ చదువు కోసం ఒళ్లు గుల్ల చేసుకోవడం ఎంతవరకు సబబు?

మన దినచర్యలో ఐదు విరామాలు ముందే ఉన్నాయి. మగ్రిబ్ నుంచి ఇషా వరకు ఒక విడత చదివి, ఇషా తర్వాత ల్యాప్‌టాప్ మూసేయాలని నియమం పెట్టుకోవచ్చు. ఫజ్ర్ తర్వాత ఇల్లు నిశ్శబ్దంగా ఉన్న గంటను కష్టమైన పాఠానికి ఉంచుకోవచ్చు. వుజూకు లేచినప్పుడు ఫోను గదిలోనే వదిలితే కళ్లకు, మెదడుకు నిజమైన విరామం దొరుకుతుంది. వారంలో ఒక పూట, అది జుమా రోజు కావచ్చు, ఆదివారం కావచ్చు, పుస్తకం ముట్టకూడదు. రంజాన్‌లో సహ్రీ, తరావీహ్‌ల వల్ల నిద్ర రెండు ముక్కలవుతుంది. ఆ నెలలో కొత్త పాఠాలు తగ్గించి పాతవి నెమరువేసుకోవడం, చివరి పది రోజుల్లో పరీక్ష తేదీ పెట్టుకోకపోవడం తెలివైన పని.

ఇంట్లోవారు ఏం చేయాలి?

తల్లి ప్రేమతోనే అడుగుతుంది: “బేటా, ఎంతవరకు వచ్చింది? ఎప్పుడవుతుంది?” కొడుకు చెవికి అది తీర్పులా వినిపిస్తుంది. “అవుతుంది అమ్మీ” అని తలుపు వేసుకుంటాడు. ఆ ప్రశ్నకు బదులు “ఇవాళ ఏం నేర్చుకున్నావు, నాకూ చెప్పు” అని అడిగితే మాట పెరుగుతుంది. చెప్పేటప్పుడు అతనికి పాఠం గట్టిపడుతుంది కూడా. పక్కింటి అబ్బాయి, మామూ కొడుకు ఎంత సంపాదిస్తున్నారన్న మాట కొన్నాళ్లు ఇంట్లో వినపడకపోతే మంచిది. డబ్బు సంగతి ఒక్కసారి కూర్చుని తేల్చుకోవాలి: ఎంత ఖర్చుపెట్టగలం, ఎప్పటివరకు. “ఒకసారి తప్పినా మళ్లీ రాయడానికి ఉంది” అని అబ్బా నోట వింటే పిల్లవాడి గుండెల మీది రాయి దిగుతుంది.

ఆడపిల్లల విషయం మరీ గమనించాలి. వంట, అంట్లు, తమ్ముళ్ల చదువు అన్నీ అయ్యాక రాత్రి పదకొండుకు పుస్తకం తీసే అమ్మాయి చదువులో వెనకబడితే అది ఆమె లోపం కాదు. రోజుకు గంటన్నర ఆమెను ఎవరూ పిలవకూడదని ఇంట్లో మాట అనుకోవాలి. అన్న ఆ గంటన్నర ఇంటిపని అందుకుంటే ఇంకా మేలు.

ఇంటి నుంచే ఆన్‌లైనులో పరీక్ష రాసే వీలుంది గాని దానికి నిబంధనలున్నాయి. గదిలో అభ్యర్థి ఒక్కరే ఉండాలి. మధ్యలో ఎవరైనా లోపలికి వస్తే పరీక్ష రద్దు కావచ్చు. పిల్లలున్న ఇల్లయితే, కరెంటు నమ్మకం లేకపోతే, నగరంలోని పరీక్షా కేంద్రానికి ముందురోజే వెళ్లడం మంచిది. మరో ముఖ్య విషయం పేరు. మనవారి కాగితాల్లో షేక్, మహమ్మద్, బేగం వంటి మాటలు ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగుతో ఉంటాయి. పరీక్షకు నమోదు చేసుకున్న పేరు, చూపించే గుర్తింపు కార్డు మీది పేరు ఒకేలా ఉండాలి. ఈ పని నెల ముందే చూసుకుంటే చివరి రోజు కంగారు ఒకటి తగ్గుతుంది.

అలసినవాడికి ఎదురయ్యే దొడ్డిదారి

శక్తి అయిపోయినవాడికి ‘డంపులు’ అమ్మేవారు ఎదురవుతారు. పరీక్షలో వచ్చిన ప్రశ్నలనే జవాబులతో సహా దొంగచాటుగా అమ్మే కాగితాలివి. బట్టీపట్టి పాసైపోవచ్చని ఆశ చూపిస్తారు. ఇది కంపెనీల నియమాలకు విరుద్ధం. పట్టుబడితే సర్టిఫికెట్టు రద్దవుతుంది, ఇకపై పరీక్ష రాయకుండా నిషేధం కూడా పడవచ్చు. పట్టుబడకపోయినా, ఉద్యోగంలో మొదటిరోజు నెట్‌వర్కు ఆగిపోతే బట్టీపట్టిన అక్షరాలు దాన్ని నడిపించవు. చేతకాని పనికి జీతం తీసుకోవడం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. డంపుల వైపు మనసు పోతోందంటే అది అలసట ముదిరిందనడానికి గుర్తు. అప్పుడు చేయవలసింది పరీక్ష తేదీ వెనక్కి జరుపుకోవడం.

తప్పితే దారి మూసుకుపోదు. సిస్కో పరీక్ష తప్పినవారు ఐదు రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు. ఎ.డబ్ల్యు.ఎస్.లో పద్నాలుగు రోజులు ఆగాలి. మైక్రోసాఫ్ట్‌లో మొదటిసారి తప్పితే 24 గంటల తర్వాతే వీలుంది. కాని రుసుము మళ్లీ కట్టాలి కాబట్టి ఆవేశంగా వెంటనే రాయకుండా, ఏ భాగంలో మార్కులు తగ్గాయో నివేదికలో చూసి, ముందు వారం రోజులు పడుకుని తిని కోలుకోవడం ఉత్తమం.

ఇది చదువు హద్దు దాటినప్పుడు

రెండు వారాలు పుస్తకం పక్కన పెట్టి, కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతే చదువు అలసట చాలావరకు తగ్గుముఖం పడుతుంది. అలా తగ్గకుండా నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఏడుపు, బతకడం దండగ అన్న మాటలు కనిపిస్తే అది వేరే సమస్య. అప్పుడు దాన్ని ఓర్పు లేకపోవడంగా, విశ్వాసం తగ్గడంగా చూడకూడదు. దువాతో పాటు డాక్టరు కూడా కావాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. దూరంగా హాస్టలులో ఉన్న పిల్లలు ఫోనులో పొడిపొడిగా మాట్లాడుతుంటే, ఒకసారి వెళ్లి చూసిరావడం తల్లిదండ్రుల బాధ్యత.

ఈ రాత్రి ఇషా తర్వాత ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. రోజుకు చదువు ఎన్ని గంటలు, నిద్ర ఎన్ని గంటలు, వారంలో ఏ పూట సెలవు. కింద పరీక్ష తేదీ వేసి, తప్పితే రెండోసారి రాయడానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కూడా రాయండి. ఆ కాగితాన్ని చదువుకునే బల్ల ఎదురుగా అంటించండి. రేపటి నుంచి ల్యాప్‌టాప్ మూసే వేళ అయిందని గుర్తుచేసే పని ఇంట్లో ఒకరు తీసుకోండి.